తొడుగా, డాలా?

ఒక క్రికెట్ కిట్ బ్యాగు విదేశం నుంచి ఓడలో వచ్చి మన రేవులో దిగిందనుకుందాం. మనకి అది ఒకటే వస్తువు. కిట్టు, అంతే. కస్టమ్స్ లెక్కలో మాత్రం అది ఉమ్మడి కుటుంబం. జిప్పు తీసి ఒక్కొక్కటీ విడిగా లెక్క వేస్తే అందరివీ వేరు కాపురాలే. బ్యాటు, బంతి, కాళ్ళకి కట్టుకునే ప్యాడ్లు 95వ అధ్యాయంలోకి వెళ్తాయి. అది బొమ్మలు, ఆట సామాన్ల అధ్యాయం. హెల్మెట్ 65కి పోతుంది, టోపీలు ఉండే చోటికి. బూట్లు 64కి. జెర్సీ, ప్యాంటు 61కో 62కో. చివరికి ఆ బ్యాగుకి కూడా సొంత చిరునామా ఉంది. అది 42, సూట్‌కేసుల పక్కన. మరి గ్లోవ్స్?

కథ అడ్డం తిరిగేది ఇక్కడే. ప్యాడ్లు బంతి దెబ్బ నుంచి కాలిని కాపాడతాయి. గ్లోవ్స్ అదే బంతి నుంచి వేళ్ళని కాపాడతాయి. బంతి ఒకటే, దెబ్బ ఒకటే, తినేవాళ్ళూ ఒకళ్ళే. అయినా ప్యాడ్లు ఆట సామాను, గ్లోవ్స్ కావు. తోలువైతే 42వ అధ్యాయం, ప్లాస్టిక్‌వైతే 39, రబ్బరువైతే 40, అల్లిక బట్టవైతే 61, మామూలు నేత బట్టవైతే 62. ఎందుకంటే 95వ అధ్యాయం మొదట్లో ఒక నోట్ ఉంది. ఈ అధ్యాయంలోకి రానివి ఏవో అందులో జాబితా రాశారు. ఆ జాబితాలో గ్లోవ్స్‌ని పేరు పెట్టి మరీ బయటికి పంపేశారు. అవి ఏ పదార్థంతో తయారయ్యాయో ఆ పదార్థాన్ని బట్టి వర్గీకరించమన్నారు.

కవితలూ కథలూ వచ్చే మన పత్రికలో ఈ సుంకాల గోల ఏంటే అని మా రూమ్మేట్ అడిగింది. నా జవాబు ఇదీ: ఇది సుంకం గొడవలా కనిపించే మాట గొడవ. "గ్లోవ్" అనే ఒక్క మాటకి అర్థం ఏమిటో తేల్చడానికి ఒక కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మాటల అర్థం గురించి మన క్లబ్బులో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ కోర్టు చదివిన తీరు సరైనదే. కానీ ఆ కోర్టు ముందున్న నియమం పాతబడిపోయింది. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. రెండోదాన్ని సరిచెయ్యాలని మొదటిదాన్ని వంచకూడదు అన్నదే ఈ వ్యాసం.

ఆ నంబర్లు ఎక్కడివి?

మీరు ఆన్‌లైన్‌లో ఏదైనా కొన్నప్పుడు వచ్చే బిల్లు ఒకసారి చూడండి. వస్తువు పేరు పక్కన హెచ్‌ఎస్‌ఎన్ అని ఒక నంబరు కనిపిస్తుంది. దాని మూలం హార్మొనైజ్డ్ సిస్టమ్ అనే అంతర్జాతీయ పట్టిక. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ దాన్ని నడుపుతుంది. 1988 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రెండు వందలకి పైగా దేశాలూ ప్రాంతాలూ దాన్నే వాడుతున్నాయి. 97 అధ్యాయాలు, అందులో 77వది భవిష్యత్తు అవసరాలకని ఖాళీగా వదిలేశారు. మొదటి ఆరు అంకెలు అందరికీ ఒకటే. ఆ తర్వాత ఎవరి అంకెలు వాళ్ళు చేర్చుకుంటారు. మన దేశంలో మొత్తం ఎనిమిది అంకెలు, 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంటాయి.

అంటే గుండుసూది నుంచి విమానం దాకా ఈ భూమ్మీద అమ్ముడయ్యే ప్రతి వస్తువుకీ ఏదో ఒక గడి ఉండాలి. ఏ గడిలో పడిందన్నదాన్ని బట్టి సుంకం. గడి మారితే డబ్బు మారుతుంది. మన దగ్గర 2011 నుంచి ఆ గడి ఏదో ముందుగా చెప్పాల్సింది కూడా దిగుమతి చేసుకునేవాళ్ళే. వాళ్ళు చెప్పింది ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారులు చూస్తారు.

మా బాబాయి విశాఖలో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. ఈ వ్యాసం మొదలెట్టాక ఆయనకి ఫోన్ చేశా. నేను మా హాస్టల్ జట్టుకి కీపింగ్ చేస్తాను కాబట్టి, కీపింగ్ గ్లోవ్ ఆట సామాను కాకపోవడం ఏంటి అన్యాయం కాకపోతే అని కాస్త ఆవేశంగానే అడిగా. ఆయన నవ్వి, "వస్తువుని తర్వాత చూద్దువుగానీ అమ్మా, ముందు నోట్ చదువు" అన్నాడు. అధ్యాయం పేరు చూసి మోసపోకూడదట. 95వ అధ్యాయం పేరులో ఆట సామాన్లని ఉన్నంత మాత్రాన ఆటలో వాడేవన్నీ అక్కడికి రావు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఆ పేర్లు వెతుక్కోవడానికే తప్ప తీర్పు చెప్పడానికి కాదు. ఇది బాబాయి సొంత కవిత్వం కాదు. వర్గీకరణ నియమాల్లో మొదటి నియమమే ఈ మాట చెప్తుంది.

గోలీ చేతికి ఉన్నదేమిటి?

ఇక కెనడా కేసు. ఐస్ హాకీలో గోల్‌కీపర్ రెండు చేతులకీ రెండు రకాల గ్లోవ్స్ వేసుకుంటాడు. కర్ర పట్టుకునే చేతికి బ్లాకర్. దాని వెనక వైపు వెడల్పాటి బల్లలాంటి భాగం ఉంటుంది, పక్ వచ్చి దానికి తగిలి పక్కకి పోవాలి. రెండో చేతికి క్యాచర్. అది బేస్‌బాల్ గ్లోవ్ లాగా పెద్ద జేబుతో ఉంటుంది, పక్ వచ్చి అందులో పడాలి.

పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ళ. అంగుళం మందం, మూడంగుళాల వ్యాసం, బరువు 170 గ్రాముల దాకా. మన క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. షోయబ్ అఖ్తర్ 2003 ప్రపంచ కప్‌లో వేసిన బంతి గంటకి 161.3 కిలోమీటర్ల వేగంతో వెళ్ళింది. 2012లో జ్డెనో చారా అనే ఆటగాడు నైపుణ్యాల పోటీలో కొట్టిన పక్ వేగం 108.8 మైళ్ళు, అంటే సుమారు 175 కిలోమీటర్లు. అంతటి దెబ్బకి ఎదురు నిలవాలంటే ఉత్త బట్ట చాలదు. అందుకే ఆ గ్లోవ్స్ లోపల మందమైన ప్లాస్టిక్ మెత్తలు పెడతారు, పైన బట్ట ఉంటుంది.

ఇగ్లూ విక్స్కీ అనే సంస్థ ఇలాంటి గ్లోవ్స్‌ని కెనడాలోకి దిగుమతి చేసుకుంది. కస్టమ్స్ వాళ్ళు 62.16 కింద పెట్టారు. అది అల్లిక కాని బట్టతో చేసిన గ్లోవ్స్ హెడింగ్. సంస్థ మాత్రం ఇవి 39.26లోకి రావాలంది. అది "ఇతర ప్లాస్టిక్ వస్తువులు" ఉండే హెడింగ్. ఎక్కువ సుంకం కట్టడానికి ఎవరూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళరు కదా, ఎటు లాభమో మీకే అర్థమై ఉంటుంది.

ఇక్కడ నియమాలు కొంచెం తెలియాలి. కంగారు పడకండి, మన మొదటి సెమిస్టర్ ఇఫ్-ఎల్స్ కన్నా కష్టం కాదు.

మొదటి నియమం: హెడింగ్‌లో రాసిన మాటలు, అధ్యాయాల నోట్లు చదువు. అక్కడే తేలిపోతే అక్కడితో ఆగిపో.

రెండో నియమంలో రెండో భాగం: హెడింగ్‌లో ఒక పదార్థం పేరు ఉంటే, ఆ పదార్థం వేరేవాటితో కలిసి ఉన్న వస్తువుల్ని కూడా లెక్కలోకి తీసుకో.

మూడో నియమం: ఇలా చూశాక ఒక వస్తువు రెండు మూడు హెడింగ్‌లకి సరిపోయేలా కనిపిస్తే, ఎక్కువ నిర్దిష్టంగా వర్ణించినదాన్ని ఎంచుకో. అలా తేలకపోతే, ఆ వస్తువుకి అసలు స్వభావాన్ని ఇచ్చే పదార్థం ఏదో చూడు. అదీ తేలకపోతే, నంబర్ల వరసలో చివర వచ్చేది తీసుకో. (అన్నీ అయ్యాక పెద్ద నంబరుదే గెలుపు! అంత గంభీరమైన చట్టంలో ఈ మాట చదివి నేను పైకే నవ్వాను.)

సంస్థ వాదన ఇలా నడిచింది. ఈ గ్లోవ్స్‌లో బట్టా ఉంది, ప్లాస్టిక్కూ ఉంది. రెండో నియమం ప్రకారం ఇవి ప్లాస్టిక్ హెడింగ్‌లోకి కూడా వస్తాయి. కాబట్టి పోటీలో రెండు హెడింగ్‌లున్నాయి. కాబట్టి మూడో నియమానికి వెళ్ళాలి. అక్కడ స్వభావం అడిగితే, గోలీని కాపాడేది ప్లాస్టిక్కే కదా. బట్ట పైపై కప్పు మాత్రమే.

వినగానే ఎంత న్యాయంగా ఉంది! నేనైతే మొదటిసారి చదివినప్పుడు తల ఊపేశా.

2013లో కెనడా అంతర్జాతీయ వాణిజ్య ట్రైబ్యునల్ దీన్ని ఒప్పుకోలేదు. ఆ ప్లాస్టిక్ హెడింగ్‌లోకి వచ్చే దుస్తులూ వాటి అనుబంధాలూ ఎలాంటివో వివరణ నోట్లలో ఉంది. ప్లాస్టిక్ షీట్లని కుట్టిగానీ అతికిగానీ చేసినవి. ఈ గ్లోవ్స్‌లోని మెత్తలు ఆ రకం కావు. అంటే ఆ హెడింగ్ తలుపు తెరుచుకోనేలేదు. పోటీలో ఉన్నది ఒక్క హెడింగే. ఒక్కటే ఉన్నప్పుడు మూడో నియమం ప్రశ్నే రాదు. 2014లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ట్రైబ్యునల్ నియమాల్ని చదివిన పద్ధతి తప్పంది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ట్రైబ్యునల్ నిర్ణయాన్నే తిరిగి నిలబెట్టింది. మెజారిటీ తరఫున జస్టిస్ రస్సెల్ బ్రౌన్ రాసిన తీర్పు సారాంశం ఇదీ: నియమాలు మెట్లలాంటివి, వరసలోనే ఎక్కాలి. హెడింగ్ వర్ణనకి అసలు సరిపోని వస్తువుని రెండో నియమం లాక్కొచ్చి అందులో కూర్చోబెట్టలేదు. జస్టిస్ సుజాన్ కోటె మాత్రం విడిగా రాశారు. ట్రైబ్యునల్ ఆ నియమాల్ని అర్థం చేసుకున్న తీరు సమంజసం కాదన్నారు.

చట్టం చదివే స్నేహితులెవరైనా నన్ను పట్టుకుంటారేమో, కాబట్టి ఒక మాట. సుప్రీంకోర్టు ఇక్కడ "మేమైతే ఏం చేసేవాళ్ళం" అని అడగలేదు. ట్రైబ్యునల్ చేసింది సమంజసమేనా అని మాత్రమే చూసింది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ పెద్దదే.

స్వభావం ముందు కాదు, మాట ముందు

నేను కోర్టు వైపు ఎందుకున్నానో చెప్తా.

మనందరికీ ఒక అలవాటుంది. ఏ వస్తువు గురించైనా, మనిషి గురించైనా "అసలు ఇది ఏంటి?" అనే ప్రశ్నకి ముందే దూకేస్తాం. సారం అడగడం గొప్ప పనిలా ఉంటుంది, రాసిన మాట చదవడం గుమాస్తా పనిలా ఉంటుంది. కానీ రేవులో ఉన్న అధికారి సారాన్ని ముందు అడగడం మొదలుపెడితే ఏమవుతుంది? సారం ఎవరికి కావలసినట్టు వాళ్ళకి కనిపిస్తుంది. సుంకం ఎక్కువున్న చోట ఇది ప్లాస్టిక్ అంటారు, రేపు ప్లాస్టిక్ మీద సుంకం పెరిగితే ఇదే గ్లోవ్ చూపించి "అబ్బే, ఇది బట్ట కదా" అంటారు. ఏ ఎండకా గొడుగు. బాగా వాదించగల లాయరున్న పెద్ద సంస్థకి ఒక సారం, లాయరు లేని చిన్న వ్యాపారికి ఇంకో సారం తేలుతుంది. అదే "ముందు మాట చదువు" అంటే, విశాఖలో ఉన్నా వాంకూవర్లో ఉన్నా ఇద్దరు అపరిచితులు ఒకే జవాబుకి వచ్చే అవకాశమైనా ఉంటుంది.

మన దేశంలోనూ దీనికి మంచి ఉదాహరణ ఉంది. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరి నూనె వంట నూనెనా, తలనూనెనా? ఎక్సైజ్ సుంకం మీద వచ్చిన ఈ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరోవైపు నిలబడ్డారు. 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సీసా చిన్నదైనంత మాత్రాన అది తలనూనె అయిపోదు. తలనూనె అనాలంటే ఆ అధ్యాయం నోట్లలో పెట్టిన షరతులకి ఆ ప్యాకింగ్ సరిపోవాలి. ఇప్పుడు "అసలు స్వభావం" అడిగి చూడండి. మా ఇంట్లో అది నూటికి నూరుపాళ్ళూ తలనూనె. మా క్లాసులో ఉన్న కేరళ అమ్మాయి ఇంట్లో దాంతోనే తాలింపు వేస్తారు. ఒకే సీసా, రెండు స్వభావాలు. రాసిన షరతు తప్ప ఇంకేం దిక్కు?

ఆలస్యానికి కూడా ఖరీదుంటుంది. సరుకు రేవులో ఆగిపోయినకొద్దీ డెమరేజ్ పెరుగుతూ పోతుంది. తగువు తేలేదాకా ఓపిక పట్టగలిగేది పెద్దవాళ్ళే. బాబాయి మాటల్లో చెప్పాలంటే, చిన్న పార్టీ "ఎంతో కొంత కట్టేసి వదిలించుకుందాం సార్" అంటుంది. అందుకే నియమం ఎంత ఊహకి అందేలా ఉంటే చిన్నవాళ్ళకి అంత మేలు. ఈ విషయంలో మెజారిటీ తీర్పు పొడిపొడిగా, రుచీపచీ లేకుండా ఉంది. అదే దాని బలం.

అయినా నియమం పాతదే

ఇప్పుడు రెండో సగం. తీర్పు సరైనదైనంత మాత్రాన ఫలితం బాగుందని కాదు.

మన భాషలోనే చూడండి. గ్లోవ్‌ని చేతి తొడుగు అంటాం. తొడుక్కునేది బట్ట. చలికి, ఎండకి, అందానికి. బ్లాకర్‌ని చూసి ఏ తెలుగువాడూ తొడుగు అనడు. అది డాలు. చేతికి తొడుక్కున్న డాలు. ఇంగ్లీషులో రెంటికీ గ్లోవ్ అనే ఒకే మాట ఉండటం వల్ల పట్టికలో రెండూ ఒకే గదిలో పడ్డాయి.

బట్టల మీద కెనడా, అమెరికా లాంటి దేశాల్లో సుంకాలు మిగతా వస్తువుల కన్నా ఎక్కువగా ఉంటూ వచ్చాయి. తమ దేశంలోని దుస్తుల పరిశ్రమని కాపాడుకోవాలన్నది అందులో పెద్ద కారణం. బాగానే ఉంది. కానీ గోలీ బ్లాకర్ చొక్కాలు కుట్టేవాళ్ళకి పోటీ కాదు. దాన్ని ఎవరూ పెళ్ళికి వేసుకెళ్ళరు. బట్టల సుంకానికి ఉన్న కారణం దానికి వర్తించదు, అయినా బట్టల సుంకం వర్తిస్తుంది. కారణం లేని చోట మిగిలిపోయిన నియమాన్నే నేను పాతబడిన నియమం అంటున్నా.

పైగా పట్టికలోనే ఒక విచిత్రం ఉంది. తోలు గ్లోవ్స్ ఉండే 42.03లో "ఆటల కోసం ప్రత్యేకంగా రూపొందించినవి" అని ఆరు అంకెల స్థాయిలోనే విడి వరస ఉంది, 4203.21. బట్ట గ్లోవ్స్ ఉండే 62.16లో అంతర్జాతీయ స్థాయిలో అలాంటి వరస లేదు. అంటే తోలు అయితే ఆటా అని అడుగుతారు, బట్ట అయితే అడగరు. ఆట గ్లోవ్ అంటే తోలుదే అనుకునే రోజుల్లో ఇది సరిపోయి ఉండొచ్చు. ఇప్పుడు ఒక్క గ్లోవ్‌లోనే తోలు, నైలాను, ఫోము, ప్లాస్టిక్ అన్నీ ఉంటాయి. మెటీరియల్స్ సబ్జెక్టు చదివిన మనకి వేరే చెప్పక్కర్లేదు, ఆ వస్తువు బలం ఒక పదార్థంలో లేదు, వాటి కూర్పులో ఉంది. పదార్థాన్ని బట్టి విడగొట్టు అనడం అంటే కాంక్రీటుని ఇసుకగా లెక్కేయాలా సిమెంటుగా లెక్కేయాలా అని అడగడమే.

సరిహద్దు దాటి అమెరికాకి వెళ్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ 2004లో ఇలాంటిదే ఒక కేసు ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టుకి వచ్చింది. వస్తువు ఐస్ హాకీ ప్యాంటు. లోపల మెత్తలు, గట్టి రక్షణ పలకలు ఉన్న ప్యాంటు. అది దుస్తులా, ఆట సామానా? ఆట సామానే అంది కోర్టు, 95.06లో పెట్టింది. అంటే అదే ఆట ఆడే మనిషి నడుముకి వేసుకున్నది ఆట సామాను అయ్యింది. చేతికి వేసుకున్నదానికి ఆ అదృష్టం పట్టదు. ఎందుకు? నోట్‌లో గ్లోవ్స్ పేరు రాసి ఉంది కాబట్టి. న్యాయమూర్తి ఎంత సానుభూతి చూపించినా ఆ పేరు చెరిగిపోదు.

చెరపాల్సింది న్యాయమూర్తి కాదు. అసలు సంగతి అదే.

స్పెక్ తప్పైతే స్పెక్ మార్చాలి

మన భాషలో చెప్తా. స్పెక్‌లో తప్పుందని తెలిసినప్పుడు ఇద్దరు ఇంజనీర్లు రెండు పనులు చేస్తారు. ఒకడు చడీచప్పుడు లేకుండా కోడ్‌లో అతుకు వేస్తాడు. ఆ రోజుకి పని నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకొకరు ఆ స్పెక్ నమ్మి ఏదో కడతారు, అది కూలుతుంది. రెండోవాడు తిట్లు తిన్నా సరే, స్పెక్‌లో తప్పుందని రాసి పంపి మార్పిస్తాడు. గోలీ గ్లోవ్ బాధ చూసి రెండో నియమాన్ని సాగదీయమనడం మొదటి ఇంజనీరు పని. అలా సాగదీస్తే అది గ్లోవ్ దగ్గర ఆగదు. ప్లాస్టిక్ బొత్తాం ఉన్న ప్రతి చొక్కా కూడా మేమూ ప్లాస్టిక్కే అని వరసలో నిలబడుతుంది.

స్పెక్ మార్చే దారి నిజంగానే ఉంది. హార్మొనైజ్డ్ సిస్టమ్‌ని దాదాపు అయిదేళ్ళకోసారి సవరిస్తారు. ఇప్పుడున్నది 2022 జనవరి 1 నుంచి వచ్చింది, తర్వాతిది 2028 జనవరి 1 నుంచి వస్తుంది. సవరణలు ఎంత సూక్ష్మంగా ఉండగలవో 95వ అధ్యాయం నోట్‌లోనే కనిపిస్తుంది. ఆట దుస్తుల్లో మోచేతి దగ్గరో మోకాలి దగ్గరో కాస్త మెత్తలున్నా అవి దుస్తులే అని చెప్తూ, కత్తిసాము దుస్తుల్నీ ఫుట్‌బాల్ గోలీల జెర్సీల్నీ ఉదాహరణగా ఇచ్చారు. ఎవరో కూర్చుని జెర్సీ మోచేతి మెత్త దాకా ఆలోచించి రాశారన్నమాట. అంత ఓపిక ఉన్నవాళ్ళు, "రక్షణ కోసం ఆటలకి ప్రత్యేకంగా రూపొందించిన గ్లోవ్స్ తప్ప" అని ఇంకో ముక్క కలపలేరా?

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. ఆరు అంకెల తర్వాతి గీతలు ఏ దేశానికి ఆ దేశమే గీసుకోవచ్చని ముందే చెప్పుకున్నాం. అమెరికా తన టారిఫ్‌లో బట్ట గ్లోవ్స్ కిందే ఆటల కోసం ప్రత్యేకంగా చేసినవాటికి విడి వరసలు పెట్టుకుంది. గది మారలేదు, గదిలో అర వేరు చేసుకున్నారు. ఏ దేశమైనా ఆ పని చెయ్యొచ్చు, మనమూ చెయ్యొచ్చు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది తీసిపారేసేది కాదు. పదార్థాన్ని కళ్ళతో చూడొచ్చు, ల్యాబులో పరీక్షించొచ్చు. ఉద్దేశాన్ని ఎలా పరీక్షిస్తాం? ఆటల గ్లోవ్స్‌కి సుంకం తగ్గిస్తే రేపు తోటపని గ్లోవ్స్ మీద బ్యాటు బొమ్మ అచ్చేసి దింపేస్తారు. నిజమే, దింపేస్తారు. మన ప్రతిభ మీద నాకు నమ్మకం ఉంది. కానీ తోలు గ్లోవ్స్ విషయంలో "ప్రత్యేకంగా రూపొందించినవి" అన్న పరీక్షని ప్రపంచమంతా ఇప్పటికే నడుపుతోంది కదా. ఆ పరీక్ష బొమ్మని చూడదు, కట్టుబడిని చూస్తుంది. వేళ్ళ మీద మెత్తలున్నాయా, దెబ్బ ఎక్కడ తగులుతుందో అక్కడ బలం పెట్టారా, అది వేసుకుని వేరే పని చెయ్యగలమా? బ్లాకర్ వేసుకుని గులాబీ మొక్కకి పాదు చెయ్యండి చూద్దాం. తోలుకి సాధ్యమైన పరీక్ష బట్టకి ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాదు.

ఇదంతా ఎవరి జేబుకి తగులుతుందో కూడా చూడాలి. సుంకం మొదట కట్టేది దిగుమతిదారే అయినా, ఎక్కువసార్లు అది ధరలోకి చేరి కిందికి వస్తుంది. రక్షణ సామాను మిగతావాటిలాంటిది కాదు. మంచి బ్యాటు లేకపోతే తక్కువ పరుగులు చేస్తాం, అంతే. మంచి గ్లోవ్ లేకపోతే వేలు విరుగుతుంది. కీపింగ్ చేసే ఎవరినైనా అడగండి, బంతి వేలి కొసకి తగిలిన రోజు రాత్రి పెన్ను పట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్తారు. ప్యాడ్లు, గ్లోవ్స్ రెండూ ఒకే పని చేస్తున్నప్పుడు, ఒకదాన్ని రక్షణగా ఇంకోదాన్ని దుస్తుగా చూసే పట్టిక ఆ నొప్పి తెలియనివాళ్ళు రాసినట్టుంటుంది.

నియమం మారేలోగా ఏం చెయ్యాలి? మన దగ్గర ముంబయిలో, ఢిల్లీలో కస్టమ్స్ ముందస్తు తీర్పుల అథారిటీలు ఉన్నాయి. సరుకు తెప్పించకముందే ఇది ఏ గడిలోకి వస్తుందో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవచ్చు. ఈ సౌకర్యం గురించి సులభమైన తెలుగులో ఒక పేజీ ఎవరైనా రాసిపెడితే, గుంటూరులోనో వరంగల్‌లోనో చిన్న స్పోర్ట్స్ షాపు నడుపుకునేవాళ్ళకి ఎంతో ఉపయోగం. మన క్లబ్బు కవితల అనువాదాలతో పాటు ఇలాంటివి కూడా చేస్తే తప్పేముంది?

నన్నడిగితే బ్లాకర్ డాలే. పుస్తకం తొడుగు అంటోంది. పుస్తకం మారేవరకు అధికారి దాన్ని తొడుగనే రాయాలి, నేను మాత్రం పుస్తకం మార్చమని అడుగుతూనే ఉంటా. మీరు ఒప్పుకోకపోతే సంతోషం, వాదన పెట్టుకుందాం. ముందు మీ గదిలో ఉన్న ఏదో ఒక వస్తువు బిల్లు తీసి, దాని మీదున్న నంబరు ఏ అధ్యాయంలోదో వెతికి చూడండి. మీరు ఆ వస్తువుని పిలిచే పేరూ, పట్టిక పిలిచే పేరూ వేరైతే, ఆ తేడా గురించి వచ్చే సంచికకి రాసి పంపండి.